వాఙ్మూలం ఎవరి సొత్తు?

కిందటి ఏడు ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. ఒకప్పుడు ఆయుధం పట్టి, తరవాత వదిలేసి, ఇప్పుడు ఊళ్ళో సేద్యమో చిన్న దుకాణమో చేసుకుంటున్న మనుషులను కలిసి, వాళ్ళ అనుభవాలు రాసుకొని పరిశోధన చెయ్యాలని అతని కోరిక. "మీరు చెప్పింది మూడో కంటికి తెలియనివ్వనని వాళ్ళకు మాట ఇవ్వవచ్చునా, మాస్టారూ?" అన్నాడు. ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడాను అన్నాను. ఆలోచించకుండా అన్నాను. ప్రజాస్వామికవాదులమైన మనకు అది సహజంగా తోచే జవాబు. ఆ తరవాత రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. నా జవాబు తప్పని తెలిసింది. ఎందుకు తప్పో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పుస్తకాల్లో మొదటిది మై ఎలియట్ అనే వియత్నామీ రచయిత్రి 2010లో ప్రచురించిన "ర్యాండ్ ఇన్ సౌత్ ఈస్ట్ ఏసియా". వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ విద్వాంసులు జరిపిన పరిశోధనల చరిత్ర అది. రెండోది పాట్రిక్ రాడెన్ కీఫ్ 2018లో ప్రచురించిన "సే నథింగ్". ఉత్తర ఐర్లండు పోరాటంలో జరిగిన ఒక హత్య చుట్టూ అల్లిన వృత్తాంతం. దేశాలు వేరు, కాలాలు వేరు. అయినా రెండింటిలోనూ నన్ను పట్టుకున్న విషయం ఒకటే: హింసలో పాల్గొన్న మనిషి విద్వాంసుడి ముందు నోరు విప్పితే ఆ మాట ఎక్కడికి పోతుంది?

రాజకీయ హింసను అధ్యయనం చేసేవాళ్ళు ఈనాడు ఒక పెద్ద బలగం. విశ్వవిద్యాలయాల్లో వాళ్ళకు కేంద్రాలున్నాయి, పత్రికలున్నాయి, మహాసభలున్నాయి. భద్రత, న్యాయం, తీవ్రవాదం అనే మాటలు వాళ్ళ నిత్యవ్యవహారం. తమ పద్ధతి తటస్థమైనదని వాళ్ళలో చాలామంది అంటారు. వర్గసమాజంలో తాటస్థ్యం లేదని మనవాళ్ళు జవాబు చెప్తారు. ఆ జవాబు నిజమే గాని చాలదు. అది పరిశోధకుని మనసును గురించిన జవాబు. మనసు ఎవరికీ కనిపించదు. నోటుపుస్తకం కనిపిస్తుంది. దాన్ని ఎవరి డబ్బుతో కొన్నారు, అందులో ఏ ప్రశ్నలు రాసుకున్నారు, నిండిన తరవాత అది ఎవరి బీరువాలోకి చేరింది — ఈ మూడు సంగతులూ తెలిస్తే పరిశోధకుని మనసుతో మనకు అట్టే పని ఉండదు.

ముందు సైగాన్ సంగతి చూద్దాం. ర్యాండ్ సంస్థ రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో అమెరికా వాయుసేన అవసరాల కోసం పుట్టింది. 1948లో స్వతంత్ర సంస్థగా రిజిస్టరైంది. స్వతంత్రం పేరులోనే ఎక్కువ. 1964లో అమెరికా రక్షణశాఖకు ఒక సందేహం వచ్చింది: ఈ వియత్‌కాంగ్‌లు ఎవరు, ఇంత దెబ్బ తింటూ కూడా ఎందుకు నిలబడి పోరాడుతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు కోసం ర్యాండ్ ఇద్దరు పండితులను పంపింది. ఒకరు జోసెఫ్ జాస్లాఫ్, మరొకరు జాన్ డానెల్. వాళ్ళు దుబాసీలను వెంటబెట్టుకొని జైళ్ళలోని ఖైదీలతోనూ, లొంగిపోయి వచ్చినవాళ్ళతోనూ గంటల తరబడి మాట్లాడారు.

వాళ్ళు విన్నదేమిటి? భూమి లేని రైతు కొడుకు తన ఊరి భూస్వామిని గురించి చెప్పాడు. ఫ్రెంచివాళ్ళతో తండ్రి చేసిన యుద్ధమే తాను అమెరికావాళ్ళతో చేస్తున్నానన్నాడు. ఊరి అధికారుల లంచగొండితనం గురించి చెప్పాడు. వీళ్ళు దారితప్పిన గుంపు కాదనీ, కట్టుబాటూ నమ్మకమూ ఉన్న సైన్యమనీ, వీళ్ళ వెనక ఒక న్యాయమైన ఫిర్యాదు ఉన్నదనీ ఆ ఇద్దరు పండితులూ నిజాయితీగానే నివేదించారు. అధికారులు విన్నారు. విని ఊరుకున్నారు. 1965 మార్చిలో ఉత్తర వియత్నాం మీద నిరంతర బాంబుదాడులు మొదలయ్యాయి.

ఆ తరవాత అదే పథకం లియోన్ గూరే అనే పండితుని చేతికి వచ్చింది. అవే జైళ్ళు, ఆ రైతులే. ప్రశ్నలు మాత్రం మారాయి. వీళ్ళెందుకు పోరాడుతున్నారనే ప్రశ్న వెనకబడి, బాంబులు వీళ్ళ ధైర్యాన్ని ఎంతవరకు దెబ్బ తీశాయనే ప్రశ్న ముందుకు వచ్చింది. విమానదాడులవల్ల శత్రువు బలహీనపడుతున్నాడనీ, ఊళ్ళ మీద బాంబులు పడితే జనం బాంబులు వేసినవాళ్ళను గాక బాంబులు పడడానికి కారకులైన వియత్‌కాంగ్‌లనే తప్పుపడుతున్నారనీ గూరే నివేదించాడు. ఇల్లు తగలబెట్టినవాణ్ణి వదిలి, ఇంట్లో ఉన్నవాణ్ణి దోషిని చెయ్యడానికి ఎంత పాండిత్యం కావాలో గమనించండి! ఈ నివేదికలు వాషింగ్టన్‌కు నచ్చాయి. పథకానికి నిధులు విస్తారంగా పెరిగాయి. 1968లో ముగిసేనాటికి సుమారు 2,400 ఇంటర్వ్యూలు, 60 వేల పైచిలుకు పేజీలు పోగయ్యాయి.

ఇక్కడొక వాదం వినిపిస్తుంది. గూరే ఒక్కడు చెడ్డ శాస్త్రజ్ఞుడు, అంతమాత్రాన శాస్త్రానిదేం తప్పు అని. నేను దీన్ని ఒప్పుకోను. గూరే అబద్ధాలు కల్పించాడని ఎలియట్ అనలేదు; తనకు కావలసినవి ఏరుకున్నాడని ఆమె వివరం చదివితే అర్థమవుతుంది. 60 వేల పేజీల్లో ఏ పేజీకి గిరాకీ ఉందో కొనేవాడే నిర్ణయించాడు. జాస్లాఫ్, డానెల్‌ల నివేదిక కూడా ఆ బీరువాలోకే పోయింది. సత్యాన్ని అణచివెయ్యలేదు, నిషేధించలేదు. దాన్ని ఫైలులో పెట్టారు. పాలకవర్గం విద్వాంసుల పట్ల అనుసరించే అత్యంత నాగరికమైన పద్ధతి ఇదే.

మరొక సంగతి మరవకూడదు. మాట్లాడినవాడు ఖైదీ. అడిగేవాడు పెద్దమనిషి కావచ్చు, సిగరెట్టు ఇచ్చి ఉండవచ్చు, ఆప్యాయంగా పలకరించి ఉండవచ్చు. కాని అడిగేవాడు లేచిపోయిన తరవాత ఆ గదిలోకి మరొకడు వస్తాడని ఖైదీకి తెలుసు. అటువంటి చోట "సమ్మతి" అనే మాటకు అర్థం లేదు. తాము చెప్పిన మాటలు తమ ఊళ్ళ మీద పడే బాంబులకు లెక్కలుగా మారుతాయని ఆ రైతుల్లో ఎందరికి తెలుసు?

అయితే మన మిత్రులు కొందరు చేసే పొరపాటు నేను చెయ్యదలచుకోలేదు. ఆ పరిశోధకులంతా అమ్ముడుపోయినవాళ్ళని చెప్పి చేతులు దులుపుకోవడం సులభం. అది నిజం కాదు. ఇంటర్వ్యూలు చేసినవాళ్ళలో మై ఎలియట్ స్వయంగా ఒకతె. ఆమె తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. అక్క వియత్‌మిన్ పక్షాన వెళ్ళిపోయింది. ఖైదీల ముందు కూర్చున్న తరవాత శత్రువును గురించి తనకు చిన్ననాటినుంచీ నూరిపోసిన అభిప్రాయాలు ఎలా కదిలాయో ఆమె దాచలేదు. కాన్రాడ్ కెలెన్ అనే మరొక ర్యాండ్ పండితుడు ఆ పేజీలే చదివి ఈ సైన్యం లొంగేది కాదనే నిర్ణయానికి వచ్చాడు. 1969లో ఆయనా, డానియల్ ఎల్స్‌బర్గూ, మరి నలుగురూ కలిసి అమెరికా వియత్నాం నుంచి వైదొలగాలని పత్రికలకు బహిరంగ లేఖ రాశారు. ఆంథొనీ రూసో అనే యువకుడు ఆ ఇంటర్వ్యూలు చేస్తూ చేస్తూనే మారిపోయాడు. 1969లో ఎల్స్‌బర్గ్‌తో కలిసి రక్షణశాఖ రహస్య పత్రాలకు నకళ్ళు తీసినవాడు అతనే. ఆ పత్రాలు 1971లో పత్రికలకెక్కాయి. గ్రాండ్ జ్యూరీ ముందు ఎల్స్‌బర్గ్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనని నిరాకరించి రూసో జైలుకు వెళ్ళాడు. 1973లో కోర్టు ఇద్దరి మీదా కేసు కొట్టివేసింది.

రూసోను మార్చింది ఎవరు? పుస్తకాలు కాదు, ఆ ఖైదీలే. అంటే వాఙ్మూలానికి ఒక బలం ఉంది. అది వినేవాణ్ణి మార్చగలదు. కాని వినేవాడు మారినా నోటుపుస్తకం గతి మారలేదు. అది బయటికి రావాలంటే దొంగతనంగా నకలు తియ్యవలసి వచ్చింది. వ్యక్తి మంచితనం వేరు, అతని చేతిలోని పని ఎవరికి చెందుతుందన్నది వేరు అని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇదంతా పాత కథ, ఇప్పుడు శాస్త్రం ముదిరిందంటారేమో. శాస్త్రం ముదిరిన మాట నిజం. 2004లో మాడ్రిడ్‌లో, 2005లో లండన్‌లో బాంబులు పేలిన తరవాత ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక మాట విపరీతంగా చెలామణిలోకి వచ్చింది: రాడికలైజేషన్. మనిషి తీవ్రవాదిగా మారే క్రమం అని దాని భావం. వినడానికి నిర్దోషమైన మాటే. కాని అది చేసిన పని చూడండి. "ఏ అన్యాయం వల్ల ఇతను ఇలా అయ్యాడు?" అనే ప్రశ్న స్థానంలో "ఇతనిలో ఏ మార్పులు కనిపిస్తున్నాయి?" అనే ప్రశ్నను కూర్చోబెట్టింది. మొదటి ప్రశ్న ప్రభుత్వాన్ని కూడా బోనులో నిలబెడుతుంది. రెండోదానికి జవాబుదారీ ఆ మనిషి ఒక్కడే. సైగాన్‌లో గూరే ప్రశ్న మార్చినట్లే ఇక్కడా ప్రశ్న మారింది. కాకపోతే ఈసారి ఒక్క పండితుడు గాక ఒక శాస్త్రమే మార్చింది.

దీని ఫలితం పోలీసు చేతిలో ఎలా ఉంటుందో 2007లో న్యూయార్కు పోలీసుశాఖ ప్రచురించిన నివేదిక చూస్తే తెలుస్తుంది. మనిషి తీవ్రవాదిగా మారడానికి నాలుగు మెట్లున్నాయని అందులో రాశారు. సిగరెట్లూ తాగుడూ మానడం, గడ్డం పెంచడం వంటివి ఒక మెట్టుకు గుర్తులట. తాగుడు మానిన కొడుకును చూసి ఏ తల్లయినా సంతోషిస్తుంది. ఈ శాస్త్రం ప్రకారం ఆమె పోలీసులకు కబురు పెట్టాలి. ఆ నగర పోలీసులు మసీదుల్లో, ముస్లిం విద్యార్థి సంఘాల్లో రహస్యంగా నిఘా నడిపిన సంగతి 2011లో పత్రికల ద్వారా బయటపడింది. కోర్టులో దావాలు నడిచి, రాజీ షరతుల్లో భాగంగా 2016లో ఆ నివేదికను పోలీసుశాఖ తన ప్రచురణల్లోంచి తొలగించింది. బ్రిటన్‌లో 2015లో చేసిన చట్టం మరొక అడుగు ముందుకు వేసి, తీవ్రవాదం వైపు జారిపోయేవాళ్ళను కనిపెట్టే బాధ్యతను పాఠశాలల మీద, విశ్వవిద్యాలయాల మీద మోపింది. పాఠం చెప్పే పంతులే ఇప్పుడు నోటుపుస్తకం పట్టుకోవాలి. సైగాన్‌లో పండితుడు జైలుకు వెళ్ళాడు. ఇక్కడ జైలు గుమాస్తా పని తరగతిలోకి వచ్చింది.

ఇంతవరకు చెప్పింది మనకు సులభమైన భాగం. ప్రభుత్వం డబ్బిస్తే పరిశోధన ప్రభుత్వానిదవుతుంది, కనుక మనమే మన మనుషులతో రాజ్యానికి తెలియకుండా మాట్లాడాలి అని విద్యార్థి మిత్రులు వెంటనే అంటారు. నా దగ్గరికి వచ్చిన విద్యార్థికి నేను చెప్పిందీ అదే. సరిగ్గా ఆ పనే చేసి చూసినవాళ్ళ కథ రెండో పుస్తకంలో ఉంది.

ఉత్తర ఐర్లండులో మూడు దశాబ్దాలు సాగిన పోరాటం 1998 ఒప్పందంతో ఒక కొలిక్కి వచ్చింది. చాలా విషయాలు ఎవరూ రాయకముందే ఆనాటి మనుషులు చనిపోతున్నారు. అమెరికాలోని బోస్టన్ కాలేజీ 2001లో ఒక పథకం చేపట్టింది. ఐ.ఆర్.ఏ.లో పనిచేసినవాళ్ళ చేతా, వాళ్ళకు వ్యతిరేకంగా ఆయుధం పట్టిన లాయలిస్టుల చేతా ఆత్మకథలు చెప్పించి టేపుల మీద ఎక్కించాలి. చెప్పినవాడు మరణించేదాకా వాటిని కాలేజీ గ్రంథాలయంలో తాళం వేసి ఉంచాలి. ఎడ్ మొలోనీ అనే పత్రికారచయిత నిర్వాహకుడు. రిపబ్లికన్ల ఇంటర్వ్యూలు చేసినవాడు ఆంథొనీ మెకింటైర్. ఆయన స్వయంగా ఐ.ఆర్.ఏ. సభ్యుడుగా పద్దెనిమిదేళ్ళు జైల్లో గడిపి, బయటికి వచ్చి డాక్టరేటు సంపాదించినవాడు. అంటే అడిగేవాడూ, చెప్పేవాడూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు. పోలీసు లేడు, దుబాసీ లేడు, ఖైదు లేదు. సైగాన్‌కు పూర్తిగా విరుద్ధమైన ఏర్పాటు. 2006 దాకా ఇలా సాగింది.

చెప్పినవాళ్ళు సంతకం చేసిన పత్రంలో రహస్యం నిరపేక్షంగా ఉంది. కాలేజీకీ నిర్వాహకునికీ మధ్య జరిగిన ఒప్పందంలో మాత్రం "అమెరికా చట్టం అనుమతించినంత మేరకు" అనే అర్థం గల మాట ఒకటి ఉంది. ఆ ఒక్క మాట చెప్పినవాళ్ళ పత్రంలోకి రాలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన వాక్యం అదే. పరిశోధకులు దుర్మార్గులు కారు. వాళ్ళు తమ చేతిలో లేని వస్తువును ఇస్తామని మాట ఇచ్చారు.

2010లో, అప్పటికే మరణించిన ఇద్దరి వాఙ్మూలాలతో మొలోనీ ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో బ్రెండన్ హ్యూజ్ అనే మాజీ ఐ.ఆర్.ఏ. నాయకుడు 1972 నాటి ఒక హత్యను గురించి చెప్పిన మాటలున్నాయి. దానితో టేపుల సంగతి లోకానికి తెలిసింది. 2011లో బ్రిటిష్ అధికారులు రెండు దేశాల మధ్య ఉన్న న్యాయసహాయ ఒడంబడికను పట్టుకొని అమెరికా ప్రభుత్వం ద్వారా టేపులకు తాఖీదులు పంపించారు. కాలేజీ, పరిశోధకులు కోర్టుల్లో పోరాడారు. పరిశోధకునికి నేర విచారణనుంచి తప్పించుకొనే ప్రత్యేక హక్కు లేదని కోర్టులు తేల్చాయి. 2013లో అప్పీలు కోర్టు సంఖ్యను 11 ఇంటర్వ్యూలకు తగ్గించింది. అవి ఉత్తర ఐర్లండు పోలీసులకు చేరాయి. 2014లో షిన్‌ఫేన్ నాయకుడు గెర్రీ ఆడమ్స్‌ను నాలుగు రోజులపాటు ప్రశ్నించి, ఏ నేరమూ మోపకుండా వదిలేశారు. తాను అసలు ఐ.ఆర్.ఏ. సభ్యుణ్ణే కాదని ఆయన ఎప్పుడూ చెబుతున్న మాట. ఐవర్ బెల్ అనే వృద్ధుని మీద మాత్రం కేసు పెట్టారు. 2019లో బెల్‌ఫాస్ట్ కోర్టు ఆ టేపులు సాక్ష్యంగా పనికిరావని తోసిపుచ్చింది. అడిగినవాడి ధోరణి నిష్పక్షపాతం కాదనీ, రహస్యంగా ఉంచుతామనే హామీ వల్ల చెప్పేవాడికి నిజం చెప్పే స్వేచ్ఛతోపాటు అబద్ధం చెప్పే స్వేచ్ఛ కూడా వచ్చిందనీ న్యాయమూర్తి భావించాడు.

అంటే చివరికి మిగిలిందేమిటి? మాట ఇచ్చినవాళ్ళు మాట నిలుపుకోలేకపోయారు. నమ్మి చెప్పినవాళ్ళు నమ్మకం పోగొట్టుకున్నారు. పోలీసులకు శిక్ష దొరకలేదు. చరిత్రకారునికి టేపులు దక్కలేదు; అడిగినవాళ్ళ టేపులు వాళ్ళకే తిరిగి ఇచ్చేస్తామని కాలేజీ 2014లో ప్రకటించింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

కాని ఇక్కడితో ఆపితే నేను పాఠకులకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఇంతవరకు నేను చెప్పినవాళ్ళను గురించి, అడిగినవాళ్ళను గురించి, పోలీసులను గురించి మాట్లాడాను. హత్యకు గురైన మనిషిని గురించి ఒక్క మాట చెప్పలేదు. మన వ్యాసాల్లో తరచు జరిగేదిదే.

ఆమె పేరు జీన్ మెకాన్విల్. బెల్‌ఫాస్ట్‌లో డివిస్ ఫ్లాట్స్ అనే బీదల భవనాల్లో ఉండేది. పది మంది బిడ్డల తల్లి. భర్త ఆ ఏడాది మొదట్లోనే చనిపోయాడు. 1972 డిసెంబరులో ఒక గుంపు ఇంటికి వచ్చి పిల్లల చేతుల్లోంచి ఆమెను లాక్కుపోయింది. పిల్లలు చెల్లాచెదురై అనాథశరణాలయాల పాలయ్యారు. ఆమె గూఢచారి అని ఐ.ఆర్.ఏ. చెప్పింది, అందుకు ఆధారం కనబడలేదని పోలీసు ఫిర్యాదుల విచారణాధికారి 2006లో ప్రకటించింది. 1999 దాకా చంపామని కూడా వాళ్ళు ఒప్పుకోలేదు. 2003లో ఒక సముద్రతీరాన ఆమె అస్థికలు దొరికాయి. ముప్ఫయ్యేళ్ళు ఆ పిల్లలు తల్లి బతికి ఉందో లేదో తెలియక, పక్కింటివాళ్ళకు తెలిసినా చెప్పని వీధిలో పెరిగారు.

ఇప్పుడు చెప్పండి: ఆ తల్లి గతి ఏమయిందో తెలిసిన మాట ఒక గ్రంథాలయంలో తాళం కింద ఉంది. ఆ తాళం తియ్యకూడదు, అది విద్యాస్వాతంత్ర్యం అని ఆ పిల్లలకు చెప్పగలమా? నేను చెప్పలేను. అలాగని తాళంచెవి పోలీసులకు ఇచ్చెయ్యమనీ అనలేను. 1972 జనవరి 30న డెర్రీ నగరంలో ఊరేగింపు మీద కాల్పులు జరిపి పదముగ్గురిని అక్కడికక్కడే చంపిన సైన్యం ఆ ప్రభుత్వానిదే. చనిపోయినవాళ్ళు నిర్దోషులని ఒప్పుకోవడానికి దానికి 2010 దాకా పట్టింది. విచారణకు కావలసిన తుపాకులు కొన్ని, భద్రపరచమని చెప్పిన తరవాత కూడా ధ్వంసమైపోయాయి. తన బీరువాకు తాళం బిగించుకొని ఇతరుల బీరువాకు తాఖీదు పంపే ప్రభుత్వం న్యాయం పేరెత్తితే నమ్మడం కష్టం. కాని ప్రభుత్వం అన్యాయం చేసిందన్న కారణం చేత జీన్ మెకాన్విల్ పిల్లల ప్రశ్న అన్యాయమైపోదు. మనం సాధారణంగా తడబడేది ఇక్కడే. రాజ్యహింస పెద్దది గనక మనవాళ్ళ హింసను గురించి అడిగినవాడు శత్రువు పక్షమే అనుకుంటాం. అప్పుడు మనం కూడా గూరేలాగే నచ్చిన పేజీలు ఏరుకుంటున్నామన్న మాట.

మరి దారి ఏది? సైగాన్ పద్ధతిలో మాట పాలకునికి పోయింది. బెల్‌ఫాస్ట్ పద్ధతిలో మాట తాళం కిందికి పోయింది. రెండింటిలోనూ పోనిచోటు ఒకటుంది: ఆ హింసను అనుభవించిన జనం దగ్గరికి. వాఙ్మూలం వాళ్ళ సొత్తు అని నా అభిప్రాయం. ఈ మాట ఉత్త ఆదర్శం కాదనడానికి మన ఇంట్లోనే రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది 1986లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర". 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ళ మాటలు టేపు చేసి, వాళ్ళ మాటల్లోనే అచ్చు వేశారు. ముందు తెలుగులో వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం 1989లో వచ్చింది. ఈ వరస ముఖ్యం. చెప్పినవాళ్ళూ, వాళ్ళ ఊరివాళ్ళూ ముందు చదువుకోవాలి, లోకం తరవాత. ఆ స్త్రీలు భూస్వామి దౌర్జన్యం, సైన్యం దౌర్జన్యం చెప్పారు. పోరాటం ఇచ్చిన ఉత్సాహం చెప్పారు. పోరాటం ఆగిపోయిన తరవాత తమను మళ్ళీ వంటింటికి పొమ్మన్న ఉద్యమాన్ని కూడా నిలదీశారు. పార్టీకి ఇబ్బంది కలుగుతుందని ఆ మాటలను ఎవరూ తీసెయ్యలేదు. అందుకే ఆ పుస్తకం ఇప్పటికీ బతికి ఉంది.

రెండోది, ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా 1997లో ఏర్పడ్డ పౌరస్పందన వేదిక. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య నలిగిపోతున్న పల్లెలకు వెళ్ళి వాళ్ళు జనం చెప్పింది విన్నారు. ఎన్‌కౌంటర్లను గురించి ప్రభుత్వాన్నీ, ఇన్‌ఫార్మర్ల పేర జరిపే హత్యలను గురించి నక్సలైట్లనూ బహిరంగంగా అడిగారు. అడిగినదీ, వచ్చిన జవాబూ అచ్చు వేశారు. ఉభయులకూ కోపం వచ్చింది. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాదులో చర్చలు జరగడానికి ఆ కృషి తోడ్పడింది. ఆ చర్చలు విఫలమయ్యాయి, నిజమే. కాని వాళ్ళ నోటుపుస్తకం ఎవరి బీరువాలోకీ పోలేదు.

ఈ రెండూ ప్రతి తాళానికీ సరిపోయే తాళంచెవులని నేను అనను. తెలంగాణా స్త్రీలు మాట్లాడేనాటికి పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. చెప్పిన మాటకు జైలు భయం అంతగా లేదు. నా దగ్గరికి వచ్చిన విద్యార్థి కలవదలచుకున్న మనుషుల స్థితి అది కాదు. మన దేశంలో కక్షిదారు వకీలుతో చెప్పుకున్న మాటకు చట్టం రక్షణ ఇచ్చింది. భార్యాభర్తలు చెప్పుకున్న మాటకు కొంత రక్షణ ఉంది. 2023లో పాత సాక్ష్యచట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలో కూడా పరిశోధకునితో చెప్పిన మాటకు అలాంటి రక్షణ ఏదీ లేదు. నోటుపుస్తకం పట్టుకుపోదలిస్తే పట్టుకుపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా మాట ఇచ్చేవాడు అమాయకుడు. తెలిసి ఇచ్చేవాడు మోసగాడు.

అందుచేత పరిశోధనకు దిగే యువకులకు నాలుగు మాటలు చెప్తాను. ఎవరి డబ్బుతో వచ్చావో, నీ రాత ఎవరు చదువుతారో, చట్టం నిన్ను ఎంతవరకు వదిలిపెడుతుందో మొదటి రోజే చెప్పు. నీ దగ్గర ఉండకూడనిదాన్ని రాసుకోవద్దు. పేర్లు, తేదీలు, నిన్నటి నేరాలు అడిగి తెలుసుకోవడమే ధైర్యమనుకోవద్దు. ఆయుధం పట్టినవాణ్ణి అడిగిన ప్రశ్న పోలీసునూ అడుగు, ఆ ఆయుధం ఎవరి మీద పడిందో వాళ్ళ ఇంటికీ వెళ్ళు. రాసినదాన్ని ముందు చెప్పినవాళ్ళ భాషలో, వాళ్ళ ఊళ్ళో చదివి వినిపించు. ఈ షరతులకు లోబడితే కొన్ని డాక్టరేట్లు ఆగిపోతాయి. ఆగిపోనీ.

మొన్న ఆ విద్యార్థి మళ్ళీ వచ్చాడు. నా పాత జవాబు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకు, నీవల్ల కాదు; చెప్పవలసినవాళ్ళకు చెప్తానని మాత్రం మాట ఇవ్వు అన్నాను. "అట్లా అంటే వాళ్ళు నాతో మాట్లాడరేమో మాస్టారూ" అన్నాడు. కొందరు మాట్లాడరు. ఆ మౌనాన్ని కూడా మనం గౌరవించవలసిందే.